సమ్మిట్ ఇంజినీరు, పదకొండు వందల గుర్రాల కారు

ఐసెలిన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలకు పదిహేడేళ్లు దగ్గరపడుతున్నాయంటే ఒక చర్చ తప్పదు. ఏ కారు కొనాలి? అమ్మానాన్నలు మైలేజీ, ఇన్సూరెన్స్ లెక్కలు చూస్తారు. పిల్లలు మాత్రం హార్స్‌పవర్ ఎంత, సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లు అని అడుగుతారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. అప్పుడు మావాడికి చెప్పిన కథే ఈసారి మీకూ చెబుతున్నాను. ఇది వెయ్యికి పైగా హార్స్‌పవర్ ఉన్న ఒక రేసు కారు కథ. దాన్ని నడిపిన మనిషి మనకు అరగంట దూరంలో ఉన్న సమ్మిట్‌లో పెరిగినవాడు.

కారు పేరు పోర్షే 917/30. మనిషి పేరు మార్క్ డోనహ్యూ. ఆ కారు రంగులు మీకు కొత్త కాదు. సునోకో గ్యాస్ స్టేషన్ బోర్డు మీద కనిపించే నీలం, పసుపే అవి. ఆ కంపెనీయే ఆ కారుకు స్పాన్సర్.

ఈ కారు గురించి ఎక్కడ విన్నా ముందు వచ్చేది 1,100 అనే అంకె. అంత పవర్ ఉంది కాబట్టి గెలిచింది, అంతగా గెలిచింది కాబట్టి ఆపేశారు అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంటారు. రెండూ సగం నిజాలే. పవర్ తేవడం ఒక ఎత్తు, ఆ పవర్‌ని మనిషి పాదానికి లొంగేలా చేయడం మరో ఎత్తు. ఉద్యోగరీత్యా నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వాణ్ణి కాబట్టి నాకు ఆ రెండో ఎత్తు మీదే గురి. 917 గెలుపు అక్కడే ఉంది.

స్పోర్ట్స్ ప్రోటోటైప్ అంటే ఏమిటి?

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తడం మనలో చాలామంది టీవీలో చూశాం. ఒకే సీటు, బయటకు కనిపించే చక్రాలు. స్పోర్ట్స్ ప్రోటోటైప్ అలా ఉండదు. చక్రాలు బాడీ లోపల ఉంటాయి. పేరుకైనా రెండు సీట్లకు చోటుంటుంది. కారు వెడల్పుగా, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. షోరూంలో అమ్మే కారుతో దీనికి పోలిక లేదు, రేసు కోసమే పుట్టిన బండి ఇది. ఇలాంటి కార్లకు ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసు పెద్ద పండగ. డ్రైవర్లు వంతులవారీగా పగలూ రాత్రీ నడుపుతారు.

1968లో అంతర్జాతీయ రేసింగ్ అధికారులు ఈ కార్లకు కొత్త నిబంధనలు పెట్టారు. అసలైన ప్రోటోటైపులకు ఇంజిన్ మూడు లీటర్లు దాటకూడదు. ఒకే రకం కార్లు తగినన్ని కట్టిన కంపెనీకి మాత్రం ఐదు లీటర్ల దాకా అనుమతి. ఆ సంఖ్యను తర్వాత యాభై నుంచి 25కి తగ్గించారు. పాత ఐదు లీటర్ల కార్లు ఇంకొన్నాళ్లు ఆడతాయిలే అనుకుని ఆ సడలింపు ఇచ్చారు. రేసు కోసమే ఏకంగా 25 కొత్త కార్లు కట్టేంత మొండివాళ్లు ఉంటారని వాళ్లు ఊహించలేదు.

పోర్షేలో ఫెర్డినాండ్ పీయెక్ అనే యువ ఇంజినీరు సరిగ్గా ఆ పనే చేశాడు. 1969 మార్చిలో జెనీవా మోటార్ షోలో 917ను చూపించారు. మొదటిసారి తనిఖీకి వచ్చిన అధికారులు, పూర్తయినవి కొన్నే ఉన్నాయని ఒప్పుకోలేదు. మిగతావి విడిభాగాలుగా ఉన్నాయి. ఏప్రిల్‌లో మళ్లీ వచ్చేసరికి ఫ్యాక్టరీ ఆవరణలో 25 కార్లు ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. వాటిని బిగించడానికి ఆఫీసు గుమస్తాలు కూడా చేతులు వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కారు లోపల ఏముంది?

ఇంజిన్ డిజైన్ చేసినవాడు హాన్స్ మెట్స్‌గర్. పన్నెండు సిలిండర్లు, అటు ఆరు, ఇటు ఆరు, నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. మొదట్లో 4.5 లీటర్లు, ఐదు వందలకు పైగా హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఇంజిన్ నెత్తిన పడుకోబెట్టిన పెద్ద ఫ్యాన్ గాలి కొట్టి చల్లబరుస్తుంది.

ఇంత పొడవైన ఇంజిన్‌తో ఒక చిక్కుంది. తడి తువ్వాలును పిండుతున్నప్పుడు చూడండి. పొడవు ఎక్కువైన కొద్దీ తేలిగ్గా మెలి తిరుగుతుంది. ఇంజిన్ మధ్యలో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ కూడా అంతే. పన్నెండు సిలిండర్ల దెబ్బలు తింటూ ఒక చివర నుంచి శక్తి ఇవ్వాలంటే అది మెలి తిరిగి వణుకుతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది. అందుకే మెట్స్‌గర్ శక్తిని చివర నుంచి కాకుండా మధ్యలో పెట్టిన గేరు నుంచి బయటకు తీశాడు. అంటే ఒక పొడవాటి ఇంజిన్ బదులు వీపులు ఆనించుకున్న రెండు పొట్టి ఇంజిన్లు అన్నమాట.

అస్థిపంజరం సన్నటి అల్యూమినియం గొట్టాలతో అల్లింది. దాని బరువు యాభై కిలోలు కూడా లేదు. అంత పల్చటి గొట్టాల్లో ఎక్కడో సన్నగా పగులు వస్తే కంటికి కనపడదు. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. గొట్టాల్లో గ్యాస్ నింపి ఒక ప్రెషర్ గేజ్ బిగించారు. ముల్లు కిందికి దిగిందంటే ఎక్కడో పగిలినట్టే. మన ఊళ్లో సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చర్ పట్టుకున్నట్టే ఇదీ. బరువు తగ్గించే పిచ్చి ఎంతదాకా పోయిందంటే, గేర్ లివర్ పైనున్న గుండు కూడా తేలికపాటి బాల్సా కర్రతో చేశారు. ఇదంతా సాధించడానికి డ్రైవర్‌ని ఎంత ముందుకు జరిపారంటే, అతని పాదాలు ముందు చక్రాల ఇరుసు కన్నా ముందు ఉండేవి. ఎదురుగా ఏదైనా తగిలితే మొదట తగిలేది కాళ్లకే.

పురుగులు చెప్పిన పాఠం

1969లో ఆ కారు నడపడానికి పోర్షే సొంత డ్రైవర్లే జంకారు. నేరుగా ఉన్న రోడ్డు మీద కూడా వేగం పెరిగితే తోక ఊగేది. ఆ ఏడాది లె మాన్‌లో పోర్షే ఒక 917ను జాన్ వుల్ఫ్ అనే బ్రిటిష్ డ్రైవర్‌కు అమ్మింది. అప్పటి ఆచారం ప్రకారం డ్రైవర్లు రోడ్డు దాటి పరుగెత్తుకెళ్లి కారెక్కి బయల్దేరాలి. ఆ తొందరలో చాలామంది బెల్టు పెట్టుకునేవారు కాదు. వుల్ఫ్ మొదటి ల్యాప్‌లోనే కారు అదుపు తప్పి చనిపోయాడు. పరుగెత్తి కారెక్కే ఆ పద్ధతికి అదే ఆఖరి ఏడాది. మరుసటి ఏడు డ్రైవర్లు బెల్టు పెట్టుకుని కూర్చున్నాకే రేసు మొదలైంది.

కారు జబ్బు మాత్రం అలాగే ఉంది. 1969 ఆగస్టులో ఆస్ట్రియాలో జో సిఫర్ట్, కుర్ట్ ఆరెన్స్ ఒక రేసు గెలిచినా ఎవరికీ నమ్మకం కుదరలేదు. ఆ అక్టోబరులో అదే ట్రాక్ మీద పరీక్షలు పెట్టారు. పోర్షే తరఫున రేసులు ఆడటానికి ఒప్పుకున్న జాన్ వయర్ టీము కూడా వచ్చింది. ఆ టీము ఇంజినీరు జాన్ హార్స్‌మన్ ఆగి ఉన్న కారు చుట్టూ తిరిగి చూశాడు. కారు ముందు భాగమంతా చచ్చిన పురుగుల మరకలు. వెనుక తోక మీద మాత్రం ఒక్కటీ లేదు.

చీకటి పడ్డాక హైవే మీద వెళ్లొచ్చిన మన కారు అద్దం గుర్తు చేసుకోండి. గాలి ఎక్కడ తగిలితే పురుగులు అక్కడే అంటుకుంటాయి. తోక మీద పురుగుల్లేవంటే అక్కడికి గాలే చేరట్లేదు. గాలి నొక్కితేనే వెనుక చక్రాలు నేలను పట్టుకుంటాయి. నొక్కే గాలి లేకపోతే తోక ఊగక ఏం చేస్తుంది? హార్స్‌మన్ మనుషులు అక్కడికక్కడే అల్యూమినియం రేకు కత్తిరించి, పైకి లేచే పొట్టి తోక ఒకటి తాత్కాలికంగా బిగించారు. ల్యాప్ టైము సెకన్లలో పడిపోయింది. అంతకన్నా ముఖ్యం, డ్రైవర్లు భయం లేకుండా నడిపారు. కొత్త ఇంజిన్ రాలేదు, ఒక్క హార్స్‌పవర్ పెరగలేదు. పెరిగిందల్లా చూపు.

ఆ పొట్టి తోకతోనే 917 చరిత్రకెక్కింది. 1970 జూన్ 14న, వానలో, హాన్స్ హెర్మన్, రిచర్డ్ అట్‌వుడ్ నడిపిన ఎరుపు తెలుపు రంగుల 23వ నంబరు కారు పోర్షేకు లె మాన్‌లో మొట్టమొదటి గెలుపు తెచ్చింది. ఆ రోజు లెక్కలోకి వచ్చిన కార్లు ఏడే. మరుసటి ఏడు హెల్ముట్ మార్కో, గీస్ వాన్ లెన్నెప్ 24 గంటల్లో 5,335 కిలోమీటర్లు తిరిగారు. ఆ దూరాన్ని 2010 దాకా ఎవరూ దాటలేదు. స్టీవ్ మెక్వీన్ సినిమా 'లె మాన్'లో లేత నీలం, నారింజ రంగుల్లో కనిపించేవి ఈ పొట్టి తోక కార్లే.

అంతలో నిబంధనలు మళ్లీ మారాయి. 1972 నుంచి ఐదు లీటర్ల కార్లకు చోటు లేదన్నారు. యూరప్‌లో 917కు తలుపు మూసుకుంది. అమెరికాలో మాత్రం ఇంకో తలుపు బార్లా తెరిచి ఉంది.

మన పక్క ఊరి కుర్రాడు

కెనడా, అమెరికాల్లో కలిపి 1966 నుంచి జరుగుతున్న ఆ పోటీల పేరు కాన్-యామ్. చక్రాలు బాడీలో ఉండాలి, రెండు సీట్ల చోటుండాలి. అంతకుమించి పెద్దగా షరతుల్లేవు. ఇంజిన్ ఎంతైనా పెట్టుకోవచ్చు. 1967 నుంచి 1971 దాకా వరుసగా మెక్‌లారెన్ కార్లదే రాజ్యం. వాళ్లను కొట్టడానికి పోర్షే అమెరికాలో రోజర్ పెన్స్కీ టీముతో చేతులు కలిపింది. పెన్స్కీ డ్రైవరే మార్క్ డోనహ్యూ.

డోనహ్యూ 1937లో న్యూజెర్సీలోనే పుట్టాడు. సమ్మిట్‌లో పెరిగాడు, పింగ్రీ స్కూల్లో చదివాడు. 1959లో బ్రౌన్ యూనివర్సిటీ నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా తీసుకున్నాడు. సొంత కార్వెట్‌తో సరదాగా రేసుల్లోకి దిగాడు. అతన్ని చేరదీసింది ఇంకో పక్క ఊరివాడు, వెస్ట్‌ఫీల్డ్‌కు చెందిన వాల్ట్ హాన్స్‌జెన్. అప్పటికే పేరున్న డ్రైవర్. 1966లో ఇద్దరూ కలిసి ఫోర్డ్ కారులో డేటోనా 24 గంటల రేసులో మూడో స్థానం, సీబ్రింగ్ 12 గంటల రేసులో రెండో స్థానం తెచ్చుకున్నారు. ఆ ఏప్రిల్‌లో లె మాన్ పరీక్షల్లో హాన్స్‌జెన్ ప్రమాదానికి గురై చనిపోయాడు. ఆయన అంత్యక్రియల దగ్గరే పెన్స్కీ డోనహ్యూను పలకరించి తన టీములోకి పిలిచాడు.

అప్పట్లో చాలామంది డ్రైవర్లు 'కారు బాగాలేదు' అని చెప్పి దిగిపోయేవారు. ఎందుకు బాగాలేదో కనుక్కోవడం మెకానిక్ పని. డోనహ్యూ అలా కాదు. ఒక స్ప్రింగు మార్చి నడిపేవాడు, రాసుకునేవాడు, ఇంకోటి మార్చి మళ్లీ నడిపేవాడు. ఒకసారికి ఒకటే మార్పు. టెస్టింగ్‌లో పనిచేసే మనవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. తన ఆత్మకథకు అతను పెట్టుకున్న పేరు 'ది అన్‌ఫెయిర్ అడ్వాంటేజ్'. ఎదుటివాడికి లేని లాభం ఒకటి రేసుకు ముందే సంపాదించుకోవాలన్నది అతని సూత్రం. 1972లో ఇండియానాపోలిస్ 500 గెలిచింది కూడా ఇతనే.

టర్బోను మచ్చిక చేసుకోవడం

మెక్‌లారెన్ల పెద్ద షెవర్లే ఇంజిన్లను మించాలంటే ఏం చేయాలి? పోర్షే ముందు పదహారు సిలిండర్ల ఇంజిన్ కట్టి చూసింది. అది బరువు, పొడవు. చివరికి పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌కే రెండు టర్బోలు తగిలించాలని నిర్ణయించింది.

టర్బో అంటే తెలియనివారికి ఒక ముక్క. ఇంజిన్ నుంచి వృథాగా పోయే పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రానికి బిగించిన ఇంకో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి దట్టించి కొడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు, పవర్ పెరుగుతుంది. ఇది పోర్షే కనిపెట్టిందేమీ కాదు. విమానాల్లో ముందే ఉంది. 1962లోనే ఓల్డ్స్‌మొబీల్, షెవర్లే కార్లలో వచ్చింది. ఇండియానాపోలిస్ రేసు కార్లలో 1966 నుంచి ఉంది. అయితే అక్కడ ట్రాక్ గుండ్రం, కాలు పెద్దగా తీయక్కర్లేదు. కాన్-యామ్ ట్రాకుల్లో మాత్రం మెలికలు తిరిగే మలుపులు. కాలు తీయాలి, నొక్కాలి, మళ్లీ తీయాలి.

చిక్కు అక్కడే వచ్చింది. చలికాలం పొద్దున్నే షవర్ కింద నిలబడ్డ అనుభవం మీకుందిగా? వేడి నీళ్ల కుళాయి తిప్పుతారు, రావు. ఇంకాస్త తిప్పుతారు, రావు. ఇంకా తిప్పుతారు, ఒక్కసారిగా ఒళ్లు కాలుతుంది. మొదటి టర్బో 917 సరిగ్గా ఇలాగే ప్రవర్తించింది. పెడల్ నొక్కితే ఏమీ ఉండదు. టర్బో చక్రం వేగం అందుకునేసరికి మలుపు మధ్యలో తొమ్మిది వందల హార్స్‌పవర్ ఒక్క ఉదుటున వెనుక చక్రాల మీద పడుతుంది. కాలు తీసినా కాసేపు తోస్తూనే ఉంటుంది.

స్టట్‌గార్ట్ దగ్గర వైసాక్‌లో పోర్షే పరీక్షా కేంద్రానికి వెళ్లిన డోనహ్యూకు ఇంజినీర్లు కాగితం మీద గొప్ప అంకెలు చూపించారు. ఆ అంకెలన్నీ పెడల్ పూర్తిగా నొక్కి ఉంచినప్పుడు కొలిచినవి. రేసులో డ్రైవర్‌కు కష్టమొచ్చేది సగం నొక్కినప్పుడు, తక్కువ వేగంలో, నొక్కీ నొక్కకుండా ఉన్నప్పుడు. అక్కడ కూడా కొలవండి, అక్కడ కూడా పెట్రోలు పాళ్లు సరిచేయండి అని అతను పట్టుబట్టాడు. హెల్ముట్ ఫ్లెగల్ కారు మీద, వాలెంటిన్ షేఫర్ ఇంజిన్ మీద అతనితో కలిసి పనిచేశారు. ప్రతి వేగానికీ, ప్రతి గాలి ఒత్తిడికీ ఎంత పెట్రోలు వెళ్లాలో ఓపికగా సరిచేసుకుంటూ వచ్చారు. గాలి ఒత్తిడి హద్దు మీరకుండా ఒక వాల్వు ఉంటుంది. కుక్కర్‌లో ఆవిరి ఎక్కువైతే వెయిట్ లేచి ఈల వేసినట్టే, ఎక్కువైన పొగను టర్బోకు పంపకుండా అది పక్కదారి పట్టిస్తుంది. దానికీ సరైన కొలత పట్టుకున్నారు. గుండ్రటి మైదానం మీద కారును చుట్లు తిప్పుతూ, మలుపులో ఎంత పట్టు ఉందో కొలిచి, బాడీ, సస్పెన్షన్ సరిచేశారు.

నెలల పని అది. అప్పుడుగాని పెడల్‌కూ పవర్‌కూ మధ్య మాట కుదరలేదు.

గెలుపుకు ముందు దెబ్బ

1972 సీజన్‌లో పోర్షే 917/10 దిగింది. మొదటి రేసులో డోనహ్యూకు రెండో స్థానం. రెండో రేసుకు ముందు రోడ్ అట్లాంటాలో పరీక్షలు చేస్తుండగా వేగంలో కారు వెనుక బాడీ ఊడిపోయింది. తోక లేని 917 ఏమవుతుందో మనకు తెలుసు. కారు ముక్కలైంది, డోనహ్యూ మోకాలు దెబ్బతింది. రెండేళ్ల కిందట బ్రూస్ మెక్‌లారెన్ కూడా తన కాన్-యామ్ కారు పరీక్షిస్తుండగా వెనుక బాడీ ఊడిపోయే చనిపోయాడు. డోనహ్యూ బతికి బయటపడ్డాడు.

అతని సీట్లో జార్జ్ ఫోల్మర్ కూర్చున్నాడు. పెద్దగా పరీక్షలేమీ లేకుండానే వచ్చి ఐదు రేసులు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. నెలల తరబడి తాను తీర్చిదిద్దిన కారులో ఇంకొకరు గెలుస్తుంటే ఊతకర్రలతో చూడటం డోనహ్యూకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు. నాకైతే డోనహ్యూ పనికి అంతకు మించిన సర్టిఫికెట్ లేదనిపిస్తుంది. అప్పటికప్పుడు ఎక్కినవాడు కూడా నడిపి గెలవగలిగాడంటే కారు నిజంగా మచ్చికైనట్టే. ఆ ఏడాది చివర్లో డోనహ్యూ తిరిగొచ్చి ఎడ్మంటన్‌లో గెలిచాడు. మెక్‌లారెన్ కాన్-యామ్ నుంచి తప్పుకుంది.

1973: నీలం, పసుపు ఏడాది

మరుసటి ఏటికి వచ్చిందే 917/30. ఇంజిన్ 5.4 లీటర్లకు పెరిగింది. రేసులో 1,100 హార్స్‌పవర్, పరీక్షా యంత్రం మీద 1,500 దాకా. బరువు మాత్రం 850 కిలోల లోపే. మన ఇంటి ముందు నిలబెట్టిన క్యామ్రీకి రెండు వందల పైచిలుకు హార్స్‌పవర్, బరువు దీనికి దాదాపు రెట్టింపు. అదీ తేడా.

అయితే అసలు మార్పు ఇంకోచోట ఉంది. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,300 మిల్లీమీటర్ల నుంచి 2,500కు పెంచారు, కారు నిలకడగా ఉండాలని. తోక సాగదీశారు. టర్బో ఒత్తిడి తగ్గించుకోవడానికి, పెంచుకోవడానికి డ్రైవర్ చేతికే ఒక నాబ్ ఇచ్చారు. డోనహ్యూ మొదట్లో పవర్ పెంచి ముందుకు పోయేవాడు. తర్వాత నాబ్ తిప్పి తగ్గించి, ఇంజిన్‌నూ పెట్రోలునూ కాపాడుకుంటూ నింపాదిగా నడిపేవాడు. అంత పవర్ ఉన్న కారులో అతను ఎక్కువసేపు వాడుకున్నది పూర్తి పవర్ కాదు.

ఆ ఏడాది ఎనిమిది రేసులు. మొదటి రెండూ మరో 917/10లు గెలిచాయి. జులైలో మన పొరుగు న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో డోనహ్యూ గెలిచాడు. అక్కడి నుంచి మిడ్-ఒహాయో, రోడ్ అమెరికా, ఎడ్మంటన్, లగూనా సెకా, రివర్‌సైడ్. వరుసగా ఆరు రేసులు, ఛాంపియన్‌షిప్.

కాన్-యామ్‌ను చంపింది ఎవరు?

పోటీ లేకుండా చేసిన కారును నిషేధించారు, దాంతో కాన్-యామ్ పోయింది అంటారు. జరిగింది అంత సులువుగా చెప్పేది కాదు.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. ఆ చలికాలం న్యూజెర్సీలో గ్యాస్ స్టేషన్ల ముందు కార్లు బారులు తీరాయి. 1974 ఫిబ్రవరిలో ఇక్కడ సరి బేసి పద్ధతి పెట్టారు. నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి ఒక రోజు మీకు, ఒక రోజు పక్కింటివారికి. దేశమంతటా హైవే వేగం గంటకు 55 మైళ్లకు కుదించారు. ఆ ఏడాది డేటోనా 24 గంటల రేసు, సీబ్రింగ్ 12 గంటల రేసు జరగలేదు. డేటోనా 500ను 450 మైళ్లకే ఆపారు. పోర్షే 917/30 పెట్రోలు ట్యాంకు నాలుగు వందల లీటర్లు. ప్రజలు క్యూలో నిలబడ్డ చోట ఇది గ్యాలన్‌కు రెండు మైళ్లు పోతుంటే ఎవరు చూస్తారు?

నిర్వాహకులు 1974కు కొత్త నిబంధన పెట్టారు. గ్యాలన్‌కు కనీసం మూడు మైళ్లు రావాల్సిందే. కారును పేరు పెట్టి నిషేధించలేదు, దాని ఆకలిని నిషేధించారు. పెన్స్కీ తప్పుకున్నాడు. మిడ్-ఒహాయోలో ఒక్కసారి మాత్రం బ్రయన్ రెడ్‌మన్ నడపగా 917/30 దిగి రెండో స్థానంలో నిలిచింది. ఐదు రేసుల తర్వాత ఆ సీజన్ ఆగిపోయింది, దాంతోపాటే పాత కాన్-యామ్ కూడా. మెక్‌లారెన్ వెళ్లిపోవడం, పెరిగిన ఖర్చులు, చమురు కరువు, ఏకపక్షమైన రేసులు అన్నీ కలిసి చేసిన పని అది. విచిత్రమేమిటంటే, హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకు అసలు ఆటే అది. ఇచ్చిన కాస్త విద్యుత్తుతో ఎవరు ముందు చేరతారన్నదే పోటీ. 1974లో ఆటను చంపిందనుకున్న నియమమే ఈనాడు ఒక ఆటకు ప్రాణం.

ఆఖరి పది రోజులు

డోనహ్యూ 1973 సీజన్ తర్వాత రిటైర్ అయ్యాడు. ఏడాది తిరగకుండానే పెన్స్కీ ఫార్ములా వన్ టీముతో మళ్లీ వచ్చాడు. 1975 ఆగస్టు 9న అలబామాలోని టల్లడేగాలో పాత 917/30ని చివరిసారి నడిపి, గంటకు సగటున 221.120 మైళ్ల వేగంతో క్లోజ్డ్ కోర్స్ ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంతసేపు ఆగకుండా పూర్తి పవర్ ఇస్తే ఇంజిన్ కాలిపోతుంది కాబట్టి, టర్బో కొట్టే వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్లు తగిలించారు.

ఎనిమిది రోజుల తర్వాత ఆస్ట్రియా గ్రాండ్ ప్రీకి ముందు ప్రాక్టీసులో అతని ఫార్ములా వన్ కారు టైరు దెబ్బతిని కారు ట్రాక్ దాటి దూసుకెళ్లింది. అక్కడున్న ఒక ట్రాక్ మార్షల్ చనిపోయాడు. డోనహ్యూ మొదట బాగానే మాట్లాడాడు. తర్వాత తలనొప్పి అన్నాడు. మెదడులో రక్తస్రావం. ఆగస్టు 19న గ్రాజ్ ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 38. ఎంత పరీక్షించినా అన్నీ మన చేతిలో ఉండవని, ఈ కథలో జాన్ వుల్ఫ్ నుంచి డోనహ్యూ దాకా పోయిన ప్రాణాలు గుర్తు చేస్తూనే ఉంటాయి. వేగాన్ని పొగిడేటప్పుడు ఆ పేర్లు వదిలేస్తే కథ అబద్ధమవుతుంది.

ఏం మిగిలింది?

917 మీద నేర్చుకున్న టర్బో పాఠాలు పోర్షే ఊరికే పోనివ్వలేదు. 1974 అక్టోబరులో ప్యారిస్ షోలో 911 టర్బోను మామూలు జనానికి అమ్మే కారుగా చూపించింది. ఇవాళ మన వీధుల్లో తిరిగే 1.5 లీటర్ల హోండా సీఆర్-వీలో కూడా టర్బో ఉంది. నొక్కగానే మెత్తగా కదులుతుంది, అందులో టర్బో ఉందన్న సంగతి నడిపేవారికి తెలియనే తెలియదు. ఏ ఒక్క కారు వల్లో అది రాలేదు. సగం నొక్కిన పెడల్ దగ్గర కూడా కొలవాలన్న పట్టుదల ఒక తరం ఇంజినీర్లకు అలవాటు కావడం వల్ల వచ్చింది.

డోనహ్యూ కొడుకు డేవిడ్ కూడా డ్రైవరే. తండ్రి 1969లో గెలిచిన డేటోనా 24 గంటల రేసును సరిగ్గా నలభై ఏళ్ల తర్వాత, 2009లో, సహచరులతో కలిసి గెలిచాడు. 24 గంటలు పరుగెత్తాక రెండో కారుతో తేడా 0.167 సెకన్లు.

917ను కళ్లతో చూడాలంటే మనం జర్మనీ దాకా పోనక్కర్లేదు. ఐసెలిన్ నుంచి గంటన్నర లోపు ప్రయాణం, ఫిలడెల్ఫియా ఎయిర్‌పోర్టు దగ్గర సిమియోన్ మ్యూజియం. ఫ్రెడరిక్ సిమియోన్ అనే న్యూరోసర్జన్ జీవితాంతం సేకరించిన రేసు కార్లు అక్కడున్నాయి. వాటిలో 1970 నాటి పొడవు తోక 917 ఒకటి, ఊదా, ఆకుపచ్చ రంగులు పులుముకుని ఉంటుంది. కొన్ని శనివారాల్లో మ్యూజియం వెనుక స్థలంలో కార్లను నిజంగా నడిపి చూపిస్తారు, వెళ్లే ముందు తేదీలు కనుక్కోండి. పిల్లల్ని తీసుకెళ్లండి. అందరూ ముందుగా ఇంజిన్ వైపు పరుగెత్తుతారు. మీరు మాత్రం వాళ్లను వెనక్కి నడిపించి, మొదట ఆ తోక చూపించండి. పురుగుల కథ అక్కడ చెబితే బాగా ఎక్కుతుంది.